అమెరికా హైస్కూల్‌లో తొమ్మిదో తరగతి కూడా లెక్కలోకి వస్తుంది

సంపాదకులకు నమస్కారం.

అమెరికా చదువుల గురించి మన పత్రికల్లో ఏడాది పొడవునా ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఇంజినీరింగ్ ముగించి ఎంఎస్‌కు వచ్చే యువత గురించి, వీసా ఇంటర్వ్యూల గురించి, యూనివర్సిటీ ఫీజుల గురించి ఉంటాయి. తల్లి ఉద్యోగమో తండ్రి ఉద్యోగమో కారణంగా ఎనిమిదో తరగతి మధ్యలోనో, పదో తరగతి ఫలితాలు వచ్చిన పక్షం రోజులకో పెట్టె సర్దుకుని వచ్చి ఇక్కడి హైస్కూల్లో చేరే పిల్లల గురించి రాసినవి నాకు చాలా అరుదుగా కనిపించాయి. అటువంటి పిల్లవాడి తల్లిగా, అంతకుముందు ఖమ్మం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లు గణితం బోధించిన టీచరుగా, తెలుగు తల్లిదండ్రులకూ ప్రధానోపాధ్యాయులకూ ఒక విషయం విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మేము 2017 జూలైలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ పరిసరాలకు వచ్చాం. అప్పటికి మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు, అమ్మాయి మూడో తరగతిలో చేరాల్సి ఉంది. అబ్బాయి 2019లో హైస్కూల్ పూర్తి చేశాడు. అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి చదువుతోంది. ఇద్దరూ ఒకే రాష్ట్ర నియమాల కింద చదివినా, అబ్బాయి విషయంలో మేము ప్రతి నియమాన్నీ దెబ్బ తగిలాకే తెలుసుకున్నాం.

‘హైస్కూల్’ అనే మాట దగ్గరే మనవాళ్లు పొరబడుతున్నారు. మనకు హైస్కూల్ అంటే ఆరు నుంచి పది దాకా. పదితో బడి ముగుస్తుంది, ఆపైన ఇంటర్ కాలేజీ. ఇక్కడ హైస్కూల్ మొదలయ్యేదే తొమ్మిదో తరగతితో. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ ఒకే బడి, చదివిన కోర్సులూ గ్రేడులూ చూపే ఒకే ట్రాన్స్‌క్రిప్ట్. మనం జూనియర్ ఇంటర్, సీనియర్ ఇంటర్ అనే రెండేళ్లనూ ఇక్కడ కూడా జూనియర్, సీనియర్ అనే అంటారు గనుక, అసలు చదువంతా ఆ రెండేళ్లలోనే ఉందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. మన దగ్గర తొమ్మిదో తరగతికి ఏపాటి విలువ ఉందో అక్కడ పాఠాలు చెప్పినదాన్ని గనుక నాకు తెలుసు. దానికి బోర్డు పరీక్ష లేదు, మార్కులు బడి రిజిస్టరు దాటి బయటకు పోవు, సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టే బడులు కూడా ఉన్నాయి. ఇక్కడేమో తొమ్మిదో తరగతి మొదటి సెమిస్టరులో వచ్చిన గ్రేడు కూడా నాలుగేళ్ల తరువాత యూనివర్సిటీకి పంపే కాగితంలో చెక్కుచెదరకుండా ఉంటుంది.

అమెరికాకంతటికీ ఒకే బోర్డు లేదు. గ్రాడ్యుయేషన్‌కు అంటే హైస్కూల్ చదువు ముగించి డిప్లొమా పొందడానికి ఏమేమి చదవాలో ప్రతి రాష్ట్రం తానే నిర్ణయించుకుంటుంది, దానిపైన స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే స్థానికంగా బడులను నడిపే సంస్థలు, తమ నియమాలు కలుపుకుంటాయి. నేను చెప్పగలిగింది టెక్సస్ గురించే. 2013లో ఇక్కడి శాసనసభ ఆమోదించిన హౌస్ బిల్ 5 ప్రకారం, 2014–15లో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల నుంచి ఫౌండేషన్ హైస్కూల్ ప్రోగ్రామ్ అనే పద్ధతి అమలులో ఉంది. ఒక సబ్జెక్టును ఏడాది పాటు చదివి పాసైతే ఒక క్రెడిట్, ఒక సెమిస్టరు చదివితే అర క్రెడిట్. గ్రాడ్యుయేషన్‌కు కనీసం 22 క్రెడిట్లు కావాలి. ఇంగ్లీషు 4, గణితం 3, సైన్సు 3, సోషల్ స్టడీస్ 3, ఇంగ్లీషు కాని మరొక భాష 2, వ్యాయామ విద్య 1, లలిత కళలు 1, మిగిలిన 5 పిల్లలే ఎంచుకునే ఎలెక్టివ్‌లు. వీటికి తోడు సైన్స్–టెక్నాలజీ, వ్యాపారం–పరిశ్రమ, ప్రజాసేవ, కళలు–మానవీయ శాస్త్రాలు, బహుళ విషయాలు అనే ఐదు మార్గాల్లో ఒకదాన్ని ఎంచుకుని, అందులో ప్రత్యేకంగా చదివినట్టు గుర్తింపు అయిన ఎండార్స్‌మెంట్ తీసుకుంటే గణితం నాలుగు, సైన్సు నాలుగు, ఎలెక్టివ్‌లు మరో రెండు కలిసి మొత్తం 26 క్రెడిట్లు అవుతాయి. ఎండార్స్‌మెంట్‌తో పాటు ఆల్జీబ్రా 2 కూడా పూర్తి చేసినవారికే ‘డిస్టింగ్విష్డ్’ స్థాయి లభిస్తుంది. తరగతిలో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు ఇచ్చే 1997 నాటి చట్టం వర్తించాలంటే ఆ స్థాయి ఉండాలి. ఇవి కాక ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లీషు 1, ఇంగ్లీషు 2, అమెరికా చరిత్ర అనే ఐదు సబ్జెక్టులకు రాష్ట్రస్థాయి స్టార్ పరీక్షలు ఉన్నాయి. ఈ పరీక్షలను మార్చే చట్టం 2025లో వచ్చింది గనుక, ఇప్పుడు చిన్న తరగతుల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు తమ బడిలో మరోసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

అంకెలతో విసిగించానేమో గానీ, ఈ అంకెల పక్కన మరొక అంకెను పెట్టి చూస్తేనే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. రోజుకు ఏడు పీరియడ్లు ఉన్న బడిలో నాలుగేళ్లకు 28 క్రెడిట్లకే చోటు ఉంటుంది. అందులో 26 తప్పనిసరి అయితే, నాలుగేళ్ల మొత్తంలో పిల్లవాడు తప్పటడుగు వేయడానికి మిగిలేది రెండు పీరియడ్లు మాత్రమే. తొమ్మిదో తరగతి నుంచి ఇక్కడే చదివిన పిల్లల పరిస్థితే ఇది. మధ్యలో వచ్చిన పిల్లలకు ఆ రెండు కూడా ఉండవు.

మా అబ్బాయిని చేర్చడానికి వెళ్లిన రోజు నా చేతిలో పదో తరగతి మెమో, టీసీ, టీకాల కార్డు ఉన్నాయి. మెమోలో పది పాయింట్లకు 9.3 ఉంది. మాకు అంతకంటే కావలసింది లేదనుకున్నాం. పిల్లల కోర్సుల ఎంపిక చూసే స్కూల్ కౌన్సిలర్ మెమోను రెండు వైపులా తిప్పి చూసి, ‘తొమ్మిదో తరగతి రికార్డు ఏది?’ అని అడిగింది. పదో తరగతే పాసయ్యాడు గదా, తొమ్మిదితో పనేమిటని నేను ఎదురు ప్రశ్న వేశాను. ఆమె ఓపికగా ఒక ఖాళీ ట్రాన్స్‌క్రిప్ట్ తీసి నా ముందు పెట్టింది. అందులో తొమ్మిదో తరగతికి ఒక నిలువు వరుస, పదో తరగతికి ఒక నిలువు వరుస ఉన్నాయి. కాగితం లేనిదే మొదటి వరుసలో ఒక్క గడి కూడా నింపడానికి వీల్లేదని, అంతవరకు అబ్బాయిని పదో తరగతిలోనే కూర్చోబెడతామని చెప్పింది.

అబ్బాయి చదివిన బడికి మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు. దసరా సెలవుల తరువాత గానీ ఆ కాగితం మాకు చేరలేదు. చేరింది కూడా ప్రోగ్రెస్ కార్డు నకలు మీద ప్రధానోపాధ్యాయుల ముద్ర, అంతే. అందులో సబ్జెక్టుల పేర్లు ఇలా ఉన్నాయి: ప్రథమ భాష, ద్వితీయ భాష, తృతీయ భాష, గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం. మనకు ఇందులో తెలియనిది ఏమీ లేదు. కానీ ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చి చూసిన వ్యక్తికి ప్రథమ భాష ఏదో తెలియలేదు, పిల్లవాడికి ఇంగ్లీషు మూడో భాష అని మాత్రం అర్థమైంది. సైన్సు అంటే బయాలజీయా, ఫిజిక్సా, కెమిస్ట్రీయా? ఎన్ని గంటలు, ల్యాబ్ ఉందా లేదా? సోషల్ అంటే చరిత్రా, భూగోళమా, పౌరశాస్త్రమా? ఇక్కడ అవన్నీ వేర్వేరు కోర్సులు, వేర్వేరు క్రెడిట్లు. మన సోషల్ పుస్తకంలో నాలుగు శాస్త్రాలు ఒకే అట్ట కింద ఉంటాయని చెప్పడానికి నేను పాఠ్యపుస్తకాల విషయసూచికలు ప్రింటు తీసి, ఒక్కొక్క అధ్యాయం పేరు ఇంగ్లీషులో రాసి ఇవ్వాల్సి వచ్చింది.

గణితం సంగతి ఇంకా బాధ కలిగించింది, ఎందుకంటే అది నా సబ్జెక్టు. టెక్సస్‌లో గణితాన్ని ఏడాదికొక ముక్కగా కోస్తారు. ఒక ఏడాది పూర్తిగా ఆల్జీబ్రా 1, తరువాతి ఏడాది పూర్తిగా జామెట్రీ, ఆ తరువాత ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్. మన తొమ్మిదో తరగతి పుస్తకంలో బహుపదులు, రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు, త్రిభుజాలు, చతుర్భుజాలు, వృత్తాలు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత అన్నీ కొంచెం కొంచెంగా ఉంటాయి. పదో తరగతిలో మళ్లీ అవే పెద్దవై, త్రికోణమితి వచ్చి చేరుతుంది. రెండేళ్లూ కలిపి చూస్తే మన పిల్లవాడికి ఆల్జీబ్రా 1, జామెట్రీ రెండూ వచ్చినట్టే, ఆల్జీబ్రా 2లో సగం కూడా వచ్చినట్టే. తొమ్మిదో తరగతి కాగితం ఒక్కటే లేకపోతే మాత్రం ఏ ఒక్కటీ పూర్తిగా చదివినట్టు చూపించలేడు. వర్గ సమీకరణాల మూలాలను నోటితో చెప్పగలిగిన పిల్లవాడు రెండు నెలలు జామెట్రీ క్లాసులో త్రిభుజాల సర్వసమానత్వం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఇందులో టీచర్ల తప్పు లేదు, వారి ముందు ఉన్న కాగితం అంతే చెప్పింది.

మార్కుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మనకు 35 వస్తే పాస్. టెక్సస్‌లో 70 రాకపోతే క్రెడిట్ లేదు. మన దగ్గర 72 తెచ్చుకున్న పిల్లవాడిని ఫస్ట్ క్లాసు అంటాం, ఇక్కడ అదే అంకె బొటాబొటిగా గట్టెక్కినవాడిది. మన మార్కులను గ్రేడుల పట్టికతో సహా ఇవ్వకపోతే, అవతల చదివేవారు తమకు తెలిసిన కొలతతోనే వాటిని కొలుస్తారు.

అక్టోబరులో ఆ కాగితం ఆధారంగా అబ్బాయికి మొత్తం 12 క్రెడిట్లు ఇచ్చి, కావాలంటే పదకొండో తరగతికి మార్చుకోవచ్చని చెప్పారు. మేము పట్టుబట్టి మార్పించాం. ‘ఏడాది పోతుంది’ అన్న భయం మన ఇళ్లలో ఎంత బలమైనదో వేరే చెప్పనవసరం లేదు. బంధువులు ఫోన్ చేసి, అక్కడ పది పాసైనవాణ్ని మళ్లీ పదిలో కూర్చోబెట్టారట కదా అని పరామర్శించేవారు. ఈ రోజు నన్నడిగితే ఆ నిర్ణయం పొరపాటని గట్టిగా చెబుతాను. 26లో నుంచి 12 తీసేస్తే 14. రెండేళ్లు, రోజుకు ఏడు పీరియడ్లు, అంటే సరిగ్గా 14. ఒక్క పీరియడ్ కూడా వృథా కావడానికి వీల్లేని రెండేళ్లు అవి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం, అర్థశాస్త్రం, రెండు ఇంగ్లీషులు, వ్యాయామ విద్య, ఒక కళ, రెండు స్పానిష్‌లు పోగా వాడు ఎంతో ఇష్టపడిన కెమిస్ట్రీలో పై కోర్సుకు చోటు లేకపోయింది. పదహారేళ్లవాడు తనకంటే రెండేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని మొదటి ఏడాది డ్రాయింగ్ నేర్చుకుంటూ, పక్క గదిలో తన ఈడు పిల్లలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ ల్యాబ్ చేసుకుంటుంటే అద్దంలోంచి చూసి వచ్చేవాడు. పదో తరగతిలోనే ఉంచి ఉంటే మూడేళ్లకు 21 పీరియడ్లు ఉండేవి. వయసు ఒక ఏడాది పెరిగినంత మాత్రాన ఇక్కడ ఎవరూ వేలెత్తి చూపరు.

స్పానిష్ అన్నాను. అది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. పదేళ్లు తెలుగు, ఐదేళ్లు హిందీ చదివి వచ్చిన పిల్లవాడు రెండు భాషా క్రెడిట్ల కోసం కొత్తగా స్పానిష్ అక్షరాలు దిద్దాడు. నియమం అడిగేది ఇంగ్లీషు కాని ఏదైనా ఒక భాషలో రెండు స్థాయిలు. అది ఫలానా భాషే కావాలని ఎక్కడా లేదు. మన కాగితంలో ‘ప్రథమ భాష – తెలుగు’ అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంటే దాన్ని భాషా క్రెడిట్‌గా పరిగణించమని కోరే అవకాశం మాకు ఉండేది. రాష్ట్రంలో క్రెడిట్ బై ఎగ్జామ్ అనే పద్ధతి కూడా ఉంది. ముందు చదివిన సబ్జెక్టుకైతే 70 శాతం, చదవనిదానికైతే 80 శాతం తెచ్చుకుంటే క్రెడిట్ ఇస్తారు. భాషా ప్రావీణ్య పరీక్షలు నిర్వహించే సంస్థల జాబితాల్లో తెలుగు కూడా ఉంది. ఏ డిస్ట్రిక్టు దేన్ని అంగీకరిస్తుందో అక్కడి కౌన్సిలర్‌ను అడగాలి. ఇది తెలియక తెలుగు పిల్లలు తమ భాషను ఇంటి దగ్గర వదిలేసి, బడిలో రెండేళ్లు మరొక భాషకు ఇస్తున్నారు. వారాంతాల్లో తెలుగు బడికి పంపే తల్లిదండ్రులైనా ఈ ప్రశ్న ఒక్కసారి అడగాలని నా ప్రార్థన.

ఇక 2019 జనవరిలో జరిగింది చెబుతాను. చివరి సెమిస్టరు మొదలైన రెండో వారంలో, అబ్బాయికి వ్యాయామ విద్యలో అర క్రెడిట్ తక్కువగా ఉందని బడి నుంచి ఉత్తరం వచ్చింది. అంతకు ముందు ఏడాది రెండో సెమిస్టరులో మేమే చెప్పి ఆ పీరియడ్ తీయించి, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకు తయారుచేసే క్లాసు పెట్టించాం. వారాంతాల్లో లీగ్ క్రికెట్ ఆడుతున్నాడు గనుక వ్యాయామం దానితో సరిపోతుందని మా లెక్క. బయట తీసుకునే శిక్షణను వ్యాయామ విద్యగా గుర్తించే నియమం నిజంగానే ఉంది. కానీ వారానికి కనీసం ఐదు గంటల శిక్షణ ఉండాలి, దాన్ని నేర్పే సంస్థకూ కార్యక్రమానికీ డిస్ట్రిక్టు ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి. మేము అడగనే లేదు. శాట్ క్లాసుకు ఉన్నది స్థానిక క్రెడిట్ మాత్రమే, రాష్ట్రం అడిగే 26లో అది చేరదు. చివరికి డబ్బు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేర్చాం. పగలు బడి, సాయంత్రం హోంవర్కు ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు వీధి దీపాల కింద పరుగెత్తి వచ్చి, వంటింటి బల్ల దగ్గర నిలబడి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి, ఎన్ని నిమిషాలు పరుగెత్తాడో, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో పట్టికలో రాసుకునేవాడు. వాళ్ల నాన్న సంతకం పెట్టేవారు. గ్రాడ్యుయేషన్ వేడుకకు పదకొండు రోజుల ముందు ఆ అర క్రెడిట్ చేతికి వచ్చింది. అప్పటికే యూనివర్సిటీ సీటు ఖరారై ఉంది. అర క్రెడిట్ రాకపోతే డిప్లొమా లేదు, డిప్లొమా లేకపోతే సీటు ఉండేది కాదు.

అందుకే అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, జనవరిలో కోర్సుల ఎంపిక పత్రం ఇంటికి వచ్చిన రోజు మేమిద్దరం కూర్చుని దాన్ని అక్షరం అక్షరం చదివాం. హౌస్ బిల్ 5 ప్రకారం తొమ్మిదో తరగతిలో చేరే ప్రతి పిల్లవాడూ తన ఎండార్స్‌మెంట్‌ను రాతపూర్వకంగా తెలపాలి. ఆ ఏడాది ముగిసేలోగా వ్యక్తిగత గ్రాడ్యుయేషన్ ప్రణాళికపై విద్యార్థితో పాటు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి. ఆ సంతకం ఎంత బరువైనదో మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఫోన్‌లో వచ్చిన లింకు నొక్కి, ఆఫీసు మీటింగుల మధ్య వేలితో గీసి పంపేస్తున్నారు. పదో తరగతి తరువాత తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో ఎండార్స్‌మెంట్ వదులుకుని 22 క్రెడిట్లతోనే ముగించే వెసులుబాటు కూడా ఇందులోనే ఉంది. కొందరు పిల్లలకు అది సరైన దారి కావచ్చు. కానీ ఆ సంతకంతో డిస్టింగ్విష్డ్ స్థాయి పోతుందని, దానితో పాటు నేరుగా సీటు వచ్చే అర్హత కూడా పోతుందని తెలిసి చేయాలి.

తెలిసిన తల్లిదండ్రులు చేసే పొరపాటు మరొకటి ఉంది. ఎనిమిదో తరగతిలోనే, కొందరైతే ఏడులోనే, ఆల్జీబ్రా 1 చదివించి హైస్కూల్ క్రెడిట్ సంపాదించి పెడతారు. అది మంచిదే, మా అమ్మాయి కూడా ఎనిమిదిలో చదివింది. ఆ తరువాత తరగతిలో ర్యాంకు వెంట పడతారు. చాలా డిస్ట్రిక్టుల్లో ఏపీ కోర్సులకు పాయింట్లు ఎక్కువ, మామూలు కోర్సులకు తక్కువ. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నేరుగా సీటు ఇచ్చే పరిమితిని 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టరు) ప్రవేశాల నుంచి తరగతిలో పై ఐదు శాతానికి కుదించింది. దానితో మన ఇళ్లలో ఆ పోటీ మరింత ముదిరింది. ఆ సీటు విశ్వవిద్యాలయంలో చోటుకే గానీ, కంప్యూటర్ సైన్సు, ఇంజినీరింగ్ వంటి కోర్సులకు కాదన్న సంగతి కూడా పట్టించుకోకుండా, పాయింట్లు తగ్గుతాయని పిల్లల చేత ఆర్కెస్ట్రా, చిత్రలేఖనం, నాటకం మాన్పిస్తున్నారు. లలిత కళల క్రెడిట్‌ను పన్నెండో తరగతి దాకా వాయిదా వేసి, చివరికి ఏది ఖాళీగా ఉంటే అందులో కూర్చోబెడుతున్నారు. మా అమ్మాయి వయొలిన్ వదలనని తొమ్మిదో తరగతిలోనే చెప్పింది. ర్యాంకులో కొన్ని మెట్లు దిగినా ఫరవాలేదని మేమూ ఒప్పుకున్నాం. వారానికి ఐదు రోజులు ఆ గంట సేపు ఆమె ముఖం చూసినవారెవరూ ఆ పాయింట్ల గురించి మాట్లాడరు.

మరొక చిన్న కాగితం గురించి చెప్పి ఊరుకుంటాను. 2021–22లో పన్నెండో తరగతి చదివినవారి నుంచి, ఫెడరల్ ఆర్థిక సహాయ దరఖాస్తు అయిన ఫాఫ్సాను గానీ, రాష్ట్ర దరఖాస్తు అయిన టాస్ఫాను గానీ నింపడం టెక్సస్‌లో గ్రాడ్యుయేషన్ నియమాల్లో ఒకటైంది. తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్4 వీసాపై ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం రాదు గనుక మనకు సంబంధం లేదని తెలుగు తల్లిదండ్రులు పక్కన పెడుతున్నారు. సహాయం అక్కరలేనివారు ఆ సంగతి తెలుపుతూ మినహాయింపు పత్రంపై సంతకం చేసి ఇవ్వాలి. రెండు నిమిషాల పని. ఆ పత్రం అందకపోతే బడి కంప్యూటరులో పిల్లవాడి పేరు పక్కన నియమం పూర్తి కానట్టే కనిపిస్తుంది.

ఇక నా విన్నపం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖలు విదేశాలకు వెళ్లే పిల్లల కోసం ఒకే పేజీలో ఒక నమూనా రికార్డు రూపొందించాలి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వేర్వేరు నిలువు వరుసలు, ప్రతి సబ్జెక్టు పేరు ఇంగ్లీషులో, భాష అయితే ఏ భాషో, ఎన్నేళ్లుగా చదివాడో, సైన్సు అయితే అందులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల భాగాలు, సోషల్ అయితే చరిత్ర, భూగోళం, పౌర, అర్థశాస్త్రాల భాగాలు, వారానికి ఎన్ని పీరియడ్లు, ల్యాబ్ ఉంటే ఆ వివరం, మార్కుల పక్కనే గ్రేడుల పట్టిక, ఎంతకు పాస్ అన్న మాట, చివర ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర, బడి గుర్తింపు సంఖ్య ఉండాలి. వ్యాయామం, చిత్రలేఖనం, సంగీతం బడిలో నిజంగా నేర్పి ఉంటే వాటినీ రాయాలి, ఇక్కడ వాటికి క్రెడిట్లు ఉన్నాయి. ఇందుకు చట్టం అక్కరలేదు, ఖర్చు లేదు, ఒక ఉత్తర్వు చాలు. అది వచ్చేలోగా ప్రధానోపాధ్యాయులు తమ బడి లెటర్‌హెడ్ మీదే ఈ వివరాలు రాసి ఇవ్వవచ్చు. పిల్లవాడు బడి వదిలిన తరువాత అవతలి దేశం నుంచి ఫోన్ చేసే తల్లికి మూడు నెలలు పట్టే పని, రిజిస్టరు చేతిలో ఉన్న గుమాస్తాకు ఒక పూట పని.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. విమానం ఎక్కే ముందు ఆ కాగితాన్ని సీలు వేసిన కవరులో రెండు ప్రతులు తెచ్చుకోండి, పాఠ్యపుస్తకాల విషయసూచికలు ఫోటో తీసి పెట్టుకోండి, ఇక్కడ చేరిన మొదటి వారంలోనే కౌన్సిలర్‌ను కలిసి గ్రాడ్యుయేషన్‌కు ఇంకా ఎన్ని క్రెడిట్లు, ఏ వరుసలో కావాలో రాయించుకోండి. ఆమె చెప్పేది అర్థం కాకపోతే దుబాసీని అడగండి, అది మీ హక్కు. మీ పత్రిక కూడా వీసా వార్తలకు ఇచ్చే చోటులో కొంత ఈ పిల్లలకు ఇవ్వాలని, ముఖ్యంగా జూన్ నెలలో టీసీ కోసం వచ్చే తండ్రి చేతిలో తొమ్మిదో తరగతి రికార్డు కూడా పెట్టి పంపమని మన ప్రధానోపాధ్యాయులకు మీ ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పూర్వ గణిత ఉపాధ్యాయురాలు,
డాలస్ పరిసరాలు, టెక్సస్